పేరుల లెక్కయు, చదువుల లెక్కయు
(రేడియో ప్రసంగము)



గ్రామములో భూమి లెక్క యెట్లుండునో మీకు నేను వేఱుగా చెప్పవలసిన పని లేదు. అడంగలు విప్పి చూచినచో ఏ సర్వే నంబరులో ఎన్ని ఎకరములు గలవో, అందే పైరు వేసిరో తెలియును. కాని ఆ పైరు గింజ పట్టినదో, తాలుపోయినదో అడంగలు చెప్పజాలదు. అది కళ్లములో కొలిచినపుడే తేలును. పాఠశాలల లెక్కయు నిట్టిదే. బడిలో ఎందఱు పిల్లలు పేరులు వ్రాయించుకొనిరను లెక్క యొకటి. ఆ పిల్లలకు ఎంత చదువు వచ్చినదను లెక్క మఱియొకటి. కరోనా మహమ్మారి కాలమున ఈ రెండు లెక్కలును ఎంత దూరముగా విడిపోయినవో, ప్రభుత్వము వానిని ఏ విధముగా తీసినదో, వానినుండి గ్రామపెద్దలు గ్రహింపవలసిన దేమో నేటి ప్రసంగములో మనవి చేసెదను.

పాఠశాలలను ప్రభుత్వము లెక్కించుట క్రొత్త యాచారము కాదు. దత్తమండలములవారికి సుపరిచితుడైన సర్ తామస్ మన్రో చెన్నపట్టణమున గవర్నరుగా నున్నపుడు, 1822వ సంవత్సరము జూన్ నెలలో, ప్రతి జిల్లాలోను ఎన్ని బడులు గలవో, ఎందఱు చదువుచున్నారో వ్రాసి పంపుడని కలెక్టర్లకు ఉత్తరువు చేసెను. కలెక్టర్లు పంపిన పట్టికలన్నియు చేరిన తరువాత, 1826 మార్చి నెలలో ఆయన వ్రాసిన పత్రములో రాజధాని యంతటను 12,498 పాఠశాలలును, 1,88,650 మంది విద్యార్థులును ఉన్నట్లు తేలినది. అయినను మన్రో ఆ యంకెతో తృప్తి చెందలేదు. ఇండ్లలో తండ్రియొద్దనో, బంధువులయొద్దనో చదువుకొను బాలురు ఆ పట్టికలలోనికి రాలేదని ఆయన గ్రహించెను. వారిని గూడ కలిపినచో, చదువు నేర్చుచున్న బాలురు నాలుగవవంతుకంటె మూడవవంతునకే చేరువగా నుందురని యూహించెను. బడిని మాత్రమే చూచిన లెక్కకు ఇల్లు కనబడదను నీ సత్యమును రెండువందల యేండ్లనాడే మన దేశపు పాఠశాలల సర్వే బయటపెట్టినది. ఈ మాటను మనసున నుంచుకొనుడు. మఱల దీనితో మనకు పని గలదు.

ఇప్పటి పద్ధతిని చూతము. దేశములోని ప్రతి పాఠశాలకును, అది సర్కారు బడియైనను ప్రైవేటు బడియైనను, పదునొకండు అంకెల సంఖ్య యొకటి యీయబడినది. ప్రతి సంవత్సరమును ప్రధానోపాధ్యాయుడు తన బడిలో గదులెన్ని, ఉపాధ్యాయులెందఱు, త్రాగునీరు గలదా, ఆడపిల్లలకు మఱుగుదొడ్డి గలదా, ఏ తరగతిలో పిల్లలెందఱు అను వివరములు నింపి పైకి పంపవలెను. దీనినే యూడైస్ లెక్క యందురు. 2018-19 నుండి దీనిని యూడైస్ ప్లస్ అను పేర కంప్యూటరు మూలముగానే నడుపుచున్నారు. ఇది పేరుల లెక్క, వసతుల లెక్క. పిల్లవాడు చదువగలడా లేడా యని ఇది అడుగదు.

చదువుల లెక్క వేఱు. దానిని 2021 నాటికి జాతీయ సాధన సర్వే యనిరి. ఇందులో బడులన్నిటిని గాక, కొన్నిటిని ఎంపికచేసి, అందలి పిల్లలకు ఒకేదినమున దేశమంతటను పరీక్ష పెట్టుదురు. మూటలోనుండి గుప్పెడు గింజలు తీసి ధాన్యము నాణ్యము చూచునట్టిదే యిది. ఈ పరీక్షలో ఏ పిల్లవాడును తప్పడు, ఏ పిల్లవాడును నెగ్గడు. జిల్లా యెట్లున్నది, రాష్ట్రమెట్లున్నది యనుటే దీని ప్రయోజనము.

ఇక మహమ్మారి సంగతి. 2020 మార్చిలో దేశమంతటను బడులు మూతపడినవి. మన తెలుగునాట ఆ తరువాత జరిగిన దేమనగా: ఆంధ్రప్రదేశములో 2020 నవంబరు 2వ తేదీనుండి పెద్ద తరగతులు మొదలుగా క్రమముగా తెఱచిరి, చిన్న తరగతులు 2021 ఫిబ్రవరిలో తెఱచుకొని, రెండవ విజృంభణముతో ఏప్రిల్‌లో మఱల మూతపడి, ఆగస్టు 16వ తేదీన తిరిగి తెఱచుకొన్నవి. తెలంగాణములో చిన్నపిల్లలు 2021 సెప్టెంబరు 1వ తేదీవఱకును బడి గడప త్రొక్కలేదు; అనగా దాదాపు పదునేడున్నర నెలలు. ఆ కాలమున పాఠములు తెలంగాణములో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ద్వారమునను, ఆంధ్రములో దూరదర్శన్ సప్తగిరి ద్వారమునను ప్రసారమైనవి. టెలివిజనుగాని, ఫోనుగాని గల యింటి పిల్లలు వానిని వినిరి. లేని యింటి పిల్లలు వినలేదు. పరీక్షలు లేకయే పిల్లలను పై తరగతులకు పంపిరి. ఆ సంకటములో వేఱు మార్గము లేకపోయినదనుట నిజము. కాని తరగతి పెరిగినంత మాత్రమున చదువు పెరుగదనుటయు అంతే నిజము.

ఈ కాలమున పేరుల లెక్క ఏమి చెప్పినది? ఒకటవ తరగతి మొదలు పండ్రెండవ తరగతి వఱకు దేశములో 2020-21లో 25.38 కోట్ల మంది పిల్లల పేరులుండగా, 2021-22లో 25.57 కోట్లకు పెరిగినవి. అనగా 19 లక్షలకు పైగా హెచ్చినవి. పూర్వప్రాథమిక తరగతుల పసిపిల్లల పేరులు మాత్రము పది లక్షలకు పైగా తగ్గినవి. తక్కినదంతయు చూచినవారికి బడులకు ఏ హానియు కలుగలేదనియే తోచును. గ్రామములలో సర్కారు బడులు నిండినవి గూడ. జీవనములు తప్పి ఫీజులు కట్టలేని తలిదండ్రులు పిల్లలను ప్రైవేటు బడులనుండి మాన్పించి సర్కారు బడులలో చేర్చిరి. చిన్న ప్రైవేటు బడులు కొన్ని మూతపడినవి. కాబట్టి పేరుల పట్టీ నిండుగా నుండెను. అడంగలులో పైరు నిండుగా నుండెను.

ఇందులో మఱియొక సూక్ష్మము గలదు. ఆ సంవత్సరములలో బడి మొత్తమునకు ఇందఱని యొక అంకె వేసి పంపుటయే పద్ధతి. 2022-23 నుండి ఆ పద్ధతి మార్చి, ఒక్కొక్క పిల్లవానికి వేఱువేఱుగా వివరములు వ్రాయవలెనని నిర్ణయించిరి. అంతట ఏమైనదో వినుడు. పూర్వప్రాథమికముతో కలిపి 2021-22లో 26.52 కోట్లుగా నున్న సంఖ్య, 2023-24 నాటికి 24.80 కోట్లకు దిగినది. పిల్లలందఱును బడి మానిరని దీని యర్థము కాదు. ఒకే పిల్లవాని పేరు రెండు బడులలో నున్నచో పాత పద్ధతిలో ఇద్దఱుగా లెక్కకు వచ్చును. క్రొత్త పద్ధతిలో ఒక్కడే వచ్చును. జననములు తగ్గుటయు ఒక కారణము కావచ్చును. పద్ధతి మాఱినందున పాత యంకెను క్రొత్త యంకెతో సరిపోల్చరాదని ప్రభుత్వమే హెచ్చరించినది. కొలపాత్ర మాఱినపుడు పంట పెరిగినదా తఱిగినదా యని తగవులాడుట వ్యర్థము గదా!

ఇక చదువుల లెక్క. 2020లో జరుగవలసిన జాతీయ సాధన సర్వే మహమ్మారివలన ఆగి, 2021 నవంబరు 12వ తేదీన జరిగినది. 1,18,274 పాఠశాలలలో, 720 జిల్లాలలో, 22 భాషలలో, మూడు, అయిదు, ఎనిమిది, పది తరగతుల పిల్లలు 34 లక్షల మంది దీనిలో పాల్గొనిరి. మహమ్మారి యింకను పూర్తిగా తొలగకమునుపే యింత పెద్ద సర్వే జరుగుట సామాన్యము కాదు. ఆనాటికి ఆంధ్రప్రదేశములో బడులు తిరిగి తెఱచి మూడు నెలలు నిండలేదు. తెలంగాణములో రెండున్నర నెలలు నిండలేదు. 1922లోనో 2022లోనో కాదు, ఏ కాలమునకైనను ఉపయోగించు విషయమేమనగా, గాయము పచ్చిగా నున్నపుడే వైద్యుడు చూచినట్లయినది.

ఏమి తేలినది? అయిదువందలకు గణితములో మూడవ తరగతివారి సగటు 306. అయిదవ తరగతివారిది 284. ఎనిమిదవ తరగతివారిది 255. పదవ తరగతివారిది 216. మెట్టు ఎక్కిన కొలది సగటు దిగుచున్నది. చిన్న తరగతులలో సాధన 2017 నాటి సర్వేకంటె తక్కువగా నున్నది. ఆ సర్వేలో పిల్లలను కొన్ని ప్రశ్నలు గూడ అడిగిరి. ఇంటివద్ద చదువుటకు కష్టపడితిమని నూటికి 38 మంది చెప్పిరి. పాఠములు వినుటకు ఇంటిలో ఫోనువంటి సాధనమేదియు లేదని నూటికి 24 మంది చెప్పిరి. బడిలో తోడివారితో కలిసి చదివినపుడే బాగుగా నేర్చుకొందుమని నూటికి 80 మంది చెప్పిరి. ఈ చివరిమాట పెద్దలు మఱువరానిది. బడి యనగా పాఠము వినిపించు యంత్రము కాదు, పదిమంది పిల్లలు కలిసి కూర్చుండు చోటు అని పిల్లలే సాక్ష్య మిచ్చిరి.

దాని తరువాత, 2022 మార్చిలో, మూడవ తరగతి పిల్లలను మాత్రమే తీసికొని మఱియొక పరిశీలన చేసిరి. దాదాపు 10,000 బడులలో 86,000 మంది పిల్లలను ఒక్కొక్కరిని ఎదుట కూర్చుండబెట్టుకొని, వారివారి బోధన భాషలోనే, చదివించి చూచిరి, లెక్క చేయించి చూచిరి. అంకెలలో మొదటి జ్ఞానమైనను లేనివారు నూటికి 11 మంది. కొలదిపాటి జ్ఞానము మాత్రమే గలవారు నూటికి 37 మంది. అనగా దాదాపు సగము మందికి పునాది గట్టిగా లేదు. వీరందఱి పేరులును మూడవ తరగతి పట్టీలో నుండినవే.

ఈ మూడవ తరగతి పిల్లలెవరో యోచింపుడు. వీరు 2019 జూన్‌లో ఒకటవ తరగతిలో చేరిరి. ఓనమాలు దిద్దుచుండగనే బడి మూతపడినది. రెండవ తరగతి యనునది వారిలో పెక్కుమందికి పేరునకు మాత్రమే జరిగినది. గుణింతములు, కూడికలు, తీసివేతలు నేర్వవలసిన యేడాది వారి జీవితములో లేకపోయినది. తరువాత 2024 డిసెంబరు 4వ తేదీన పరఖ్ అను సంస్థ జాతీయ సర్వే జరిపినపుడు ఈ పిల్లలే ఆఱవ తరగతిలో నుండిరి. ఈ సర్వే 74,229 బడులలో, 781 జిల్లాలలో, 21 లక్షలకు పైబడిన పిల్లలతో, మూడు, ఆఱు, తొమ్మిది తరగతులకు జరిగినది. ఆఱవ తరగతిలో పదవ ఎక్కము వఱకు తెలిసినవారు నూటికి 53 మంది మాత్రమే. గణితములో ఆ తరగతి సగటు నూటికి 46. ఆ పక్కనే మూడవ తరగతి చూడుడు. వారు మహమ్మారి శాంతించిన తరువాత, 2022లో, ఒకటవ తరగతిలో చేరినవారు. వారి సగటు భాషలో 64, గణితములో 60. 2021లో ఆ తరగతికే భాషలో 62, గణితములో 57 వచ్చినవి. చిన్న తరగతులు కొంత కోలుకొన్నవి. కాని నడుమ చిక్కుకొన్న పిల్లలు తమ లోటును వెంట మోసికొనుచునే పై తరగతులకు పోవుచున్నారు. వారు తప్పకుండ సాగినచో 2029లో పదవ తరగతి పరీక్ష వ్రాయుదురు. ఆ లోపలనే ఆ లోటు తీరవలెను. సర్వేలు చెప్పిన విషయములలో అత్యంత ముఖ్యమైనది నా యభిప్రాయమున ఇదియే.

ఇతర దేశములు ఏమి చేసినవి? అమెరికా దేశములో 1867 నుండియు విద్యా లెక్కలు సేకరించు ప్రభుత్వ విభాగము గలదు. అది మహమ్మారి కాలమున క్రొత్త సర్వే యొకటి ఆరంభించినది. దాదాపు 2,400 సర్కారు బడులను ఎంపికచేసి, ఏడాదికొకసారి గాక నెలనెలకును ప్రధానోపాధ్యాయులను ప్రశ్నించినది: పిల్లలు వచ్చుచున్నారా, ఉపాధ్యాయులు చాలుచున్నారా, ఎందఱు వెనుకబడిరి అని. నాడి చూచినట్లు చూచుటవలన దానికి నాడి యనియే పేరు పెట్టిరి. మహమ్మారికి పూర్వముకంటె దీర్ఘకాలము బడికి రాని పిల్లలు హెచ్చిరని నూటికి 72 బడులు 2022లో చెప్పినవి. 2022-23 ఆరంభమున దాదాపు సగము మంది విద్యార్థులు ఏదో యొక విషయములో తమ తరగతికంటె వెనుకబడి యుండిరనియు, మహమ్మారికి పూర్వము అట్టివారు నూటికి 36 మంది యనియు ప్రధానోపాధ్యాయులు తెలిపిరి. ధనిక దేశమైనను మన కష్టమే వారిదియు. అట్టి సంస్థలోనే 2025 మార్చిలో ఉద్యోగులను దాదాపు అందఱిని తొలగించిరి. ప్రభుత్వపు కొలపాత్ర ఎల్లప్పుడును చేతిలో నుండునని ఎవరును నిశ్చింతగా నుండరాదని దీనివలన తెలియుచున్నది.

ఇక మన్రోనాటి మాటకు వత్తము. బడిలో తీసిన లెక్కకు బడికి రానివాడు కనబడడు. పరీక్షదినమున పొలములో కలుపు తీయుచున్న పిల్లయు, వలస పోయిన తలిదండ్రుల వెంట ఇటుక బట్టీకి పోయిన పిల్లవాడును సర్వేలో లేరు. అందువలన ఇంటింటికి పోయి అడుగు లెక్కయు అవసరము. ప్రథమ్ అను స్వచ్ఛంద సంస్థవారు అసర్ అను పేర గ్రామములలో ఇట్లు చేయుచున్నారు. సర్కారు బడులలో మూడవ తరగతి చదువుచు రెండవ తరగతి పాఠము చదువగలవారు 2018లో నూటికి 20.9 మంది యుండగా, 2022లో 16.3కు దిగి, 2024లో 23.4కు ఎక్కిరని వారి లెక్క. ప్రభుత్వ సర్వేయు, ప్రజల సర్వేయు వేఱువేఱు త్రోవలలో పోయి ఒకే మాట చెప్పుచున్నవి: దెబ్బ నిజము, కోలుకొనుటయు సాధ్యము.

అయితే గ్రామపెద్దలు చేయదగిన దేమి? మూడు మాటలు మనవి చేసెదను.

మొదటిది. మీ యూరి బడిగుఱించి పైకి పంపిన యూడైస్ వివరములను ఎవరైనను చూడవచ్చును. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రతి సర్కారు బడికిని తలిదండ్రుల సంఘము, ఏ పేరుతోనైనను, ఉండవలెను. ఆ సంఘములో కూర్చుండి, కాగితములో వ్రాసిన గదులు, కుళాయిలు, పిల్లల సంఖ్య కంటికి కనబడుచున్నవా యని సరిచూడుడు. తప్పు లెక్కవలన నష్టపోవునది మీ బడియే. ఉన్నదానిని లేదని వ్రాసినను, లేనిదానిని ఉన్నదని వ్రాసినను రావలసినది రాదు.

రెండవది. చెడ్డ అంకె వచ్చినదని ఉపాధ్యాయుని నిందింపకుడు. మహమ్మారిని ఆయన తేలేదు. నిజము చెప్పిన ప్రధానోపాధ్యాయునకు నింద వచ్చినచో, మఱుసటి సంవత్సరము ఆయన నిజము చెప్పడు. అప్పుడు అంకెలు బాగుపడును, పిల్లలు బాగుపడరు. జ్వరము ఇంతయని చెప్పిన గాజుగొట్టమును పగులగొట్టుటవలన జ్వరము తగ్గునా?

మూడవది, ముఖ్యమైనది. ప్రభుత్వ సర్వే జిల్లా సంగతి చెప్పును గాని మీ యింటి మనుమని సంగతి చెప్పదు. దానిని మీరే చూడవలెను. అరుగుమీద కూర్చున్నపుడు పిల్లవానిని పిలిచి వార్తాపత్రికలో నాలుగు పంక్తులు చదువుమనుడు. పక్క స్థానమునుండి అప్పు తెచ్చుకొను తీసివేత యొకటి చేయుమనుడు. ఏడవ ఎక్కమో ఎనిమిదవ ఎక్కమో అప్పజెప్పుమనుడు. రాకున్నచో కసరవలదు, ఆ యేడాది బడి లేదని జ్ఞాపకము చేసికొనుడు. మన పెద్దలు ఎక్కములు వల్లెవేయించినట్లు దినమునకు అరగంట కూర్చుండబెట్టుడు. రానివారెందఱో చూచి ఉపాధ్యాయునకు చెప్పి, సాయంకాలము వారిని ఒకచోట చేర్చుడు. ఊరిలో చదివిన యువకులు, ఆడపడుచులు లేకపోలేదు. కలిసి కూర్చున్నపుడే బాగుగా నేర్చుకొందుమని పిల్లలే చెప్పియున్నారు గదా.

సర్వే యనునది వైద్యము కాదు, వ్యాధి నిర్ణయము మాత్రమే. లక్షలమంది పిల్లలను ప్రశ్నించి, కోట్లకొలది వివరములు కూర్చి, ప్రభుత్వము వ్యాధి యెక్కడనున్నదో చూపినది. ఆ కాగితములు బీరువాలో నుండిపోయినచో శ్రమయంతయు వ్యర్థమగును. అవి గ్రామపు రచ్చబండవఱకు వచ్చి, మన పిల్లల సంగతి యేమని పదిమంది పెద్దలు అడిగిననాడే వానికి సార్థకత. పట్టీలో పేరున్న ప్రతి పిల్లకును చదువున్నదని మన యూరిమట్టుకైనను మనము చెప్పుకొనగలుగుదుము గాక!